ఉప్పు వద్దన్న మనిషి

మా ఆడవాళ్ళ ఫోనుల్లో "షెడ్డు అక్కలు" అని ఒక గ్రూపు ఉంది. రెండేళ్ళ నుంచి దాంట్లో ఎవరూ ఏమీ పెట్టడం లేదు. తీసేయడానికి ఎవరికీ చేతులు రాలేదు, మాట్లాడడానికి నోరూ రాలేదు. మొన్న శివరాత్రి పోయిన నాలుగో రోజు, పొద్దున్నే సంగటికి ఎసరు పెట్టి కూర్చున్నప్పుడు ఫోను మోగింది. చూస్తే ఆ గ్రూపులో మేడమక్క నంబరు నుంచి ఫోటో. ప్రాణం లేచొచ్చింది నాకు. ఇన్నాళ్ళకి మమ్మల్ని తలచుకుంది అనుకున్నాను. వేలితో పెద్దది చేసి చూస్తే ఆమె ఫోటోకే దండ ఉంది. కింద వాళ్ళ తమ్ముడు ఏదో రాశాడు. నేను మూడో తరగతిలో బడి మానేసినదాన్ని, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదువుతాను. ఆ రోజు చదవాల్సిన పని లేకపోయింది. ఎసరు పొంగి పొయ్యి ఆరిపోయిందని మా కోడలు వచ్చి చెప్పేదాకా తెలియలేదు.

ఆమె పేరు ఇక్కడ రాయను. మేము పేరు పెట్టి పిలిచింది ఎప్పుడూ లేదు. మొదట్లో మేడం అన్నాము. మేడం అంటే ఆమె పలికేది కాదు, చెవుడు వచ్చినట్టు అటు తిరిగి ఉండిపోయేది. అక్కా అనమనేది. చదువుకున్న మనిషి, బెంగళూరులో పెద్ద ఆఫీసు వదిలి వచ్చిన మనిషి, ఉత్త అక్కా అనడానికి మాకు నోరు తిరగలేదు. చివరికి అటూ ఇటూ కాకుండా మేడమక్క అయింది. మా ఇంటాయన కూడా "మీ మేడమక్క వచ్చింది" అనేవాడు, ఆయనకన్నా ఆమె పదేళ్ళు చిన్నది.

నేను ఆమెను మొదట చూసింది బియ్యం బండి దగ్గర. రేషన్ బియ్యం బండిలో వీధికి తెచ్చి ఇస్తున్న రోజులవి. మా ఊరు పలమనేరు నుంచి లోపలికి ఉంటుంది. బండి వీధి మొదట్లో నిలిచేది, మేము సంచులు పట్టుకుని వరసలో నిలిచేవాళ్ళం. నా వంతు వచ్చినప్పుడల్లా ఒకటే కథ. బొటనవేలు పెడితే మిషను ఎర్రగా వెలిగేది. చూపుడు వేలు పెట్టినా ఎర్రగానే. మా వీధి ఆడవాళ్ళలో సగం మందికి ఇవే పాట్లు. చింతపండు కొట్టే చేతులు మావి. పులుపు తోలును తింటుంది, ఇనుప కడ్డీ మిగిలింది తింటుంది. కొన్నేళ్ళకి వేళ్ళ మీద గీతలన్నీ పోయి గచ్చు మాదిరి నున్నగా అవుతాయి. బండి అతను చెడ్డవాడేం కాదు, మిషను చెప్పిందే అతనూ చెప్పాలి. రేపు రమ్మనేవాడు. రేపు వస్తే మాత్రం వేలి మీద కొత్త గీతలు మొలుస్తాయా?

ఆ రోజు వరస పక్కన ఒకామె నిలబడి ఉంది. నలభై అయిదేళ్ళుంటాయి. నూలు చీర, కళ్ళద్దాలు నెత్తి మీదికి ఎత్తి పెట్టుకుంది. చెట్ల మీద చింతకాయ ఎట్లా అమ్ముతారో కనుక్కోవడానికి మా ఊరికి వచ్చిందని తర్వాత తెలిసింది. అడగకుండానే నా చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది. తన సీసాలో నీళ్ళు నా వేళ్ళ మీద పోసి, కొంగుతో తుడిచి, ఒక్కొక్క వేలూ మిషను మీద పెట్టించింది. వెనకాల వాళ్ళు గొణుగుతున్నా వినిపించుకోలేదు. ఎడమచేతి చిటికెన వేలికి పచ్చగా వెలిగింది.

"ఈ ఒక్క వేలే మిగిలిందా నీకు?" అని అడిగింది.

"అది పనిలోకి రాదు గదమ్మా, అందుకే మిగిలుండాది" అన్నాను.

నేను నవ్వులాటకే అన్నాను. ఆమె నవ్వలేదు. కళ్ళద్దాల కోసం చీర మడతల్లో, సంచిలో, సీసా పక్కన వెతకడం మొదలుపెట్టింది. నెత్తి మీదున్నాయని నేనే చెప్పాను. తర్వాత మూడేళ్ళూ రోజుకి ఒకసారైనా ఈ వెతుకులాట ఉండేది. ఏదైనా మాట లోపల తగిలితే ఆమె చేతులు వెంటనే కళ్ళద్దాల కోసం పోయేవి. అది కనిపెట్టడానికి నాకు ఒక ఏడాది పట్టింది.

మా పని సంగతి తెలియని వాళ్ళ కోసం చెబుతాను. చింతపండు టోకు వ్యాపారి ఒకాయన ఉన్నాడు, మండీ ఆయన అంటాము. ఆయన మండీ నుంచి ఆటోలో చింతకాయ బస్తాలు తెచ్చి గుమ్మం ముందు దింపిపోతారు. మేము బండ వేసుకుని, పెంకు తీసి, ఈనె లాగి, కడ్డీతో కొట్టి గింజ రాల్చి, పండు తిరిగి మండీకి ఇవ్వాలి. కిలోకి ఇంత అని కూలి. మా అమ్మ చేసింది, నేను చేశాను, మా కోడలు చేస్తోంది. ఆ పండు ఎక్కడికి పోతుందో మాకు తెలియదు. అడగాలని కూడా ఎప్పుడూ తోచలేదు.

మేడమక్క చెప్పింది చాలా చిన్న మాట. చెట్టు మీద కాయ మనమే కొందాం, మనమే కొడదాం, మనమే అమ్ముదాం, వచ్చింది మనమే పంచుకుందాం. మా వీధిలో చాప పరిచి కూర్చోబెట్టి చెప్పింది. అందరూ విన్నారు. విన్నాక మా పెద్దత్త, అప్పటికి పళ్ళన్నీ పోయిన మనిషి, అందరి మనసులో ఉన్నది అడిగేసింది.

"అది సరేలేమ్మా. దీంట్లో నీకేమి వస్తాది?"

"మీకు మిగిలితే నాకూ జీతం ఉంటాది. మిగలకపోతే నాకూ లేదు. నేను దానం చేసేదానికి రాలే అవ్వా. మీతో యాపారం చేసేదానికి వచ్చినా."

సేవ చేయడానికి వచ్చానని చెప్పి ఉంటే అందరూ నమ్మేవాళ్ళు, దండం పెట్టి ఎవరి ఇంటికి వాళ్ళు పోయేవాళ్ళు. వ్యాపారం అనేసరికి అనుమానం పట్టుకుంది. మొగుడు వదిలేశాడంట అన్నారు. ఎలక్షన్లో నిలబడుతుందన్నారు. మా కిడ్నీలు ఏమైనా కావాలేమో అని కూడా ఒకామె అంది, ఆమె టీవీ ఎక్కువ చూస్తుంది. ఆరు నెలలు మేడమక్క బస్సు దిగి మా వీధికి వస్తూనే ఉంది. ఎవరింట్లో ఏది పెడితే అది తినేది. బిస్కెట్ ఇచ్చినా సగం విరిచి పక్కవాళ్ళకి పెట్టనిదే నోట్లో వేసుకునేది కాదు. చివరికి ఇరవై ఇద్దరం ఒప్పుకున్నాము. నేను రెండోదాన్ని. మొదటిది సుజాత, మా మరిది కోడలు, బెంగళూరులో బట్టల ఫ్యాక్టరీలో రెండేళ్ళు పనిచేసి వచ్చిన పిల్ల.

ఊరి చివర పట్టుపురుగులు పెంచే పాత షెడ్డు ఒకటి ఖాళీగా ఉండేది. దాన్ని బాడుగకి తీసుకున్నాము. మేమే సున్నం కొట్టాము. మొదటి రోజు మేడమక్క ఒక్కొక్కరి చేతా "నేను ఓనరు" అనిపించింది. అనడానికి ఎంత సిగ్గుపడ్డామో! కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాము. ఆ పొద్దు నుంచి ఇళ్ళలో మొగవాళ్ళకి అదే ఆట అయింది. "ఓనరమ్మగారూ, రొంత సంగటి పెడతారా?" అని మా ఆయన రోజూ ఎగతాళి చేసేవాడు. నేను మాత్రం మజ్జిగ పోస్తూ, "ఓనరు చేతి సంగటి, రొంత మర్యాదగా తిను" అనేదాన్ని. ఆ రోజుల్లో మా ఇంట్లో ఉన్నంత నవ్వు ఇంకెప్పుడూ లేదు.

మేడమక్కకి చింతపండు కొట్టడం రాలేదు. చివరిదాకా రాలేదు. అయినా రోజూ వచ్చి మా వరసలో బండ వేసుకుని కూర్చునేది. కడ్డీ గింజ మీద పడాల్సింది ఆమె బొటనవేలి మీద పడేది. గోరు నల్లబడింది, ఊడింది, కొత్తది వచ్చింది, అదీ నల్లబడింది. ఆమె కొట్టిన పండులో గింజ ముక్కలు మిగిలిపోయేవి, ఈనెలు వేలాడేవి. చెబితే చిన్నబుచ్చుకుంటుందని మేము చెప్పేవాళ్ళం కాదు. ఆమె లేచి పోగానే ఆ పండు అంతా నా ముందుకి తోసేవాళ్ళు, నేను మళ్ళీ ఏరి శుభ్రం చేసి కుప్పలో కలిపేదాన్ని. ఆమెకి తెలియకుండా ఆమె పని దిద్దడం మాకు అలవాటైపోయింది. ప్రేమతోనే చేశాము. ఇప్పుడు తలచుకుంటే, మా చెడు అక్కడే మొదలైందనిపిస్తుంది.

చేతులకి రబ్బరు తొడుగులు తెచ్చింది. వేసుకున్నాము, రెండు రోజులు. తొడుగు వేసుకుంటే వేలికి ఈనె తగలదు, గుడ్డిగా ఉంటుంది. ఆమె వస్తున్న అలికిడి వినిపిస్తే తొడుక్కునేవాళ్ళం, పోగానే తీసేసేవాళ్ళం. అదీ ఆమెకి తెలియదనుకున్నాము.

మొదటి ఏడాది, రెండో ఏడాది చిన్న పాకెట్లు కట్టి చిత్తూరులో, తిరుపతిలో అంగళ్ళకి వేశాము. ఒకసారి నేను తిరుపతి పోయినప్పుడు పెద్ద అంగడిలో మా పాకెట్ కనిపించింది. చుట్టూ చూసి, ఎవరూ గమనించడం లేదని, దాన్ని ఒకసారి నిమిరి పెట్టేసి వచ్చాను. మళ్ళీ వెనక్కి పోయి కొనుక్కున్నాను. మా ఇంట్లో కడవ నిండా అదే పండు ఉంది, అయినా కొన్నాను.

మూడో ఏడాది పెద్ద బేరం వచ్చింది. బెంగళూరులో ఒక కంపెనీ మా పండు మొత్తం తీసుకుంటామంది. ఏటా తీసుకుంటామంది. ఆ మాట నిలబడితే మా ఊరి వాళ్ళే కాదు, పక్క రెండు ఊళ్ళ ఆడవాళ్ళు కూడా మండీ బస్తాలు మానేయవచ్చు. మేడమక్క ఆ కాగితం పట్టుకుని వచ్చిన రోజు కళ్ళద్దాలు రెండుసార్లు పోగొట్టుకుంది. ఒకటే షరతు చెప్పింది.

"ఉప్పు మాత్రం వెయ్యగూడదు. ఒక్క ఉప్పు కల్లు కూడా పడకూడదు. సరేనా?"

సరేనన్నాము. ఎందుకని ఆమె చెప్పలేదు, మేము అడగలేదు.

మా ఇళ్ళలో కొత్త చింతపండును కల్లుప్పు వేయకుండా ఎవరూ దాచరు. గింజ తీసిన పండులో ఉప్పు కలిపి, ఒత్తి, కడవలో పెట్టి మూతికి గుడ్డ కడతాము. ఉప్పు లేకపోతే పురుగు పడుతుంది, పండు నల్లబడుతుంది. కొత్తగా కాపురానికి వచ్చిన పిల్లకి అత్త మొదట చూపించేది ఈ కలపడమే. ఎక్కడా ముద్ద కట్టకుండా, ప్రతి తొనకీ సమంగా పట్టాలి. మా వీధిలో ఆ కలపడానికి నన్నే పిలిచేవాళ్ళు. పెళ్ళిళ్ళకి కూడా పిలిచి కలిపించుకునేవాళ్ళు.

ఆ ఏడు ఎండాకాలం మధ్యలో వాన పట్టుకుంది. పండు అంతా బస్తాల్లో సిద్ధంగా ఉంది, లారీ నాలుగు రోజుల్లో రావాలి. మేడమక్క కాగితాల పని మీద బెంగళూరు పోయి ఉంది. రెండు రోజులు ముసురు. షెడ్డు రేకుల్లో నుంచి చెమ్మ దిగింది. మూడో రోజు మధ్యాహ్నం నేను ఒక బస్తా విప్పి చెయ్యి పెట్టి చూశాను. పండు చెమర్చింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే పులుపు వాసన పోయి, తడి గుడ్డ వాసన వచ్చింది. ఎవరో తినే పండు. ఎవరింట్లోనో పిల్లలు తినే పండు. పురుగు పడితే మా పేరే కదా చెప్పుకునేది!

ఉప్పు వేద్దామన్నాను. సుజాత ఒక్కతే అడ్డం పడింది.

"అత్తా, వద్దని చెప్పింది గదా. ఒక్క ఫోను చేసి అడుగుదాం."

"అడిగితే వద్దనే అంటాది. పండు గురించి ఆయమ్మకేం తెలుసు మే? కడ్డీ ఎత్తితే సొంత వేలు కొట్టుకునే మనిషి."

అందరూ నవ్వారు. సుజాత కూడా నవ్వింది. ఆ నవ్వుతో మాట ఖాయమైపోయింది. ఇళ్ళ నుంచి ఉప్పు తెచ్చారు. పెనం మీద వేయించి, దంచి, జల్లించాము. రెండు మధ్యాహ్నాలు కూర్చుని బస్తా తర్వాత బస్తా విప్పి నా చేతులతో నేనే కలిపాను. మిగతావాళ్ళు చల్లారు, నేను కలిపాను. కనపడనంత కొంచెమే వేశాము. మళ్ళీ మూతులు కుట్టేశాము. మేడమక్క గింజ ముక్కలు ఏరేసినట్టే ఇది కూడా దిద్దేశామనుకున్నాను. లారీ పోతుంటే పసుపు నీళ్ళు చల్లి, కర్పూరం వెలిగించాను.

వారం దాటాక ఆ లారీయే తిరిగి వచ్చింది. డ్రైవరు పక్కన మేడమక్క కూర్చుని ఉంది. కంపెనీలో పండును ఏదో పరీక్ష చేస్తారట. మొత్తం వద్దన్నారట. మేము బస్తాలు దించుతుంటే ఆమె ఒక బస్తా మూతి విప్పి, ఒక తొన తీసి నోట్లో వేసుకుంది. ఇంకో బస్తా. ఇంకోటి. ఆరో ఏడో బస్తాల దాకా అట్లా రుచి చూసింది. మా మొహాల్లోకి చూడలేదు. ఎవరు వేశారని అడగలేదు. అడుగుతుందని నేను గోడకి ఆనుకుని కూర్చున్నాను, అడిగితే చెబుదామనే అనుకున్నాను.

అప్పుడే కంపెనీ అతని ఫోను వచ్చింది. కన్నడంలో మాట్లాడుతున్నారు. ఫోను గొంతు బయటికి వినపడేది. సుజాతకి కన్నడం తెలుసు, మా పక్కన కూర్చుని చిన్నగా చెబుతూ వచ్చింది.

"పనోళ్ళు ఎవురో తెలీక చేసుంటారు, చేసినామెని తీసేయండి, వచ్చే ఏడు మళ్ళీ సూద్దాం అంటాండాడు."

మేడమక్క చెయ్యి నెత్తి మీదికి పోయింది. కళ్ళద్దాలు అక్కడే ఉన్నాయి. ఏదో అంది.

"నా దగ్గర పనోళ్ళు లేరు సార్, అందరూ ఓనర్లే, ఓనర్లని ఎట్ల తీసేది అంటాండాది" అంది సుజాత.

అటు నుంచి అతను గొంతు పెంచాడు. మేడమక్క విని, రెండే మాటలు చెప్పి ఫోను పెట్టేసింది. ఆ రెండు మాటలు సుజాత వెంటనే చెప్పలేదు. మేము అందరం ఆ పిల్ల వైపు చూస్తే, తల దించుకుని చెప్పింది. "అయితే మీరే వేయించారా అని అడిగినాడు. అవును, నేనే అనింది."

నేను లేచి ఉండాల్సింది. అప్పుడు లేచి "అక్కా, నేను" అని ఉంటే, ఆమె ఆ నంబరుకే మళ్ళీ ఫోను చేసి ఉండేదేమో. నన్ను తీసేసి ఉంటే ఇరవై ఒక్కమంది మిగిలేవాళ్ళు, పక్క ఊళ్ళ వాళ్ళు వచ్చేవాళ్ళు. నేను లేవలేదు. తీసేస్తే మళ్ళీ గుమ్మం ముందు బండ వేసుకుని మండీ బస్తా విప్పాలి. మా ఆయన ఓనరమ్మా అనడు ఇంక. అంతకన్నా పెద్ద కారణమేమీ లేదు. ఆ కూర్చోవడం ఇప్పటికీ నా ఒంట్లో ఉంది.

ఆ పండు మండీ ఆయనే తీసుకున్నాడు. ఆయనకి ఉప్పుతో పేచీ లేదు. వేరే కంపెనీలకి మేడమక్క తిరిగింది గానీ, షరతు తప్పిన మనిషని పేరు ముందే పోయింది. ఆ సీజను ముగియకముందే మేము ఒక్కొక్కరం గుమ్మాల ముందుకి చేరాము. షెడ్డు తాళం చెవి తిరిగి ఇచ్చేయడానికి వచ్చిన రోజు ఆమె మా వీధిలోకి రాలేదు. ఆ షెడ్డులో ఇప్పుడు టమోటా ట్రేలు పెట్టుకున్నారు. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. ఉప్పు తెచ్చింది అందరూ కదా, అందుకని కాబోలు. ఒక్కరైనా నా జుట్టు పట్టుకుని తిట్టి ఉంటే బాగుండేది.

పోయిన ఏడు మా కూతురి కాన్పుకి తిరుపతి పోయి, బస్టాండులో మేడమక్కను చూశాను. మొదట పోల్చుకోలేదు. చీర కట్టినట్టు లేదు, చుట్టినట్టు ఉంది, మనిషి అంత చిక్కిపోయింది. మోచేతి మడతలో సూది గుచ్చిన చోట దూది పెట్టి ప్లాస్టరు అంటించి ఉంది. ఏమైందని నేను అడగలేదు. అడగవలసినవి అడగకపోవడమే నా బతుకు. ఆమే నన్ను రెడ్డెమ్మా అని పిలిచి, టీ అంగడి దగ్గరికి లాక్కుపోయింది. కూతురు, మనవడు, మా పెద్దత్త, సుజాత, పేరు పేరునా అడిగింది. పెద్దత్త పోయిందంటే ఆమె చేతులు కళ్ళద్దాల కోసం పోయాయి. టీ గ్లాసు పట్టుకున్నాక నాకు ధైర్యం వచ్చింది.

"అక్కా, ఉప్పు కలిపింది నేను."

"తెలుసులే."

"ఎట్ల తెలుసు?"

"ఏ బస్తాలో చూసినా ఒకటే మాదిరి ఉండాది. ఆ చెయ్యి ఇంకెవురికుండాది మీ ఊర్లో?"

అంటే లారీ దిగిన రోజే తెలుసు. ఫోను మాట్లాడినప్పుడూ తెలుసు. నేను గోడ పక్కన కూర్చుని ఉండడం చూస్తూనే "నేనే" అని చెప్పింది.

"ఆ పొద్దు నా పేరు చెప్పుంటే షెడ్డు నిలబడేది గదక్కా."

"నిలబడేదేమో" అంది. ఆమె టీ చల్లారిపోయింది. తాగలేదు. "ఆ కంపెనీ వాళ్ళు పండు రసం తీసి, బీపీ ఉండే వాళ్ళకీ పసిపిల్లలకీ అమ్ముతారు. డబ్బా మీద ఉప్పు లేదని రాసుంటాది. అందుకు వద్దనింది. ఈ మాట మీకు చెప్పేదానికి నాకు ఎంతసేపు పడతా ఉండె, చెప్పు? చెప్పలే. వద్దు అన్నా, అంతే. మండీ ఆయన కూడా అట్లనే గదా చెప్పేది. ఓనర్లు, ఓనర్లు అంటా, మీతో మండీ ఆయన మాదిరే మాట్లాడినా."

బీపీ వాళ్ళకని ముందే తెలిసి ఉంటే నేను ఉప్పు వేసేదాన్నా? మా అమ్మ ఆ జబ్బుతోనే పోయింది. వేసేదాన్ని కాదు. ఆ మాట ఆమెతో అనలేదు. అంటే తప్పు మొత్తం ఆమె నెత్తిన పెట్టినట్టవుతుంది. ఇప్పుడు ఏం చేస్తున్నావక్కా అని మాత్రం అడిగాను. ఏమీ లేదంది. చిత్తూరులో తమ్ముడి ఇంట్లో ఉన్నానంది. నేను ఊరుకోలేక, మళ్ళీ ఏదైనా మొదలుపెట్టు, ఈసారి పిలిస్తే ఊరు ఊరంతా వస్తుంది అన్నాను. ఊరికే అన్నాను, ఆమె మొహం చూడలేక.

"వద్దు రెడ్డెమ్మా. కూలోళ్ళుగా ఉన్నప్పుడు మీరు ఇంతగా ఏడవలే. నేనొచ్చి మూడేండ్లు ఓనర్లని చేసి మళ్ళీ బండ దగ్గర కూర్చోబెట్టినా. ఎవురికీ ఇంక ఆశ పెట్టను. నా చేత కాదు."

నా చెయ్యి తీసుకుని వేళ్ళు తిప్పి చూసింది. వాటి మీద గీతలు ఒక్కటీ తిరిగి రాలేదు. చూసి వదిలేసింది. బస్సు వస్తే ఎక్కింది. కిటికీ దగ్గర సీటు దొరికింది, నేను కిందే నిలబడ్డాను. బస్సు కదిలేదాకా ఆమె ముందు సీటు కమ్మీ వైపే చూస్తూ ఉండిపోయింది. అదే ఆఖరు.

దండ వేసిన ఫోటో వచ్చిన పొద్దు, వీధిలో అందరం బండలు వేసుకుని పనిలోనే ఉన్నాము. నేను లేచి పోయి ఒక్కొక్కరికీ చూపించాను. కడ్డీల చప్పుడు ఒక్కొక్క గుమ్మం దగ్గర ఆగుతూ వచ్చింది. సుజాత గ్రూపులో ఏదో రాయాలని ఫోను పట్టుకుంది, రాసింది, చెరిపింది. పోయి చూసి వద్దామని ఒకామె అంది. చిత్తూరు అడ్రసు ఎవరికీ తెలియదు. మూడేళ్ళు మా ఇళ్ళలో తిన్న మనిషి ఇల్లు ఎక్కడో మాలో ఒక్కరికీ తెలియదు.

ఈలోగా మండీ ఆటో వచ్చింది. బస్తాలు దింపుతూ ఆటో అతను కొత్త మాట చెప్పాడు. ఈ ఏడు పండులో ఉప్పు కలపకూడదట. బెంగళూరు కంపెనీ వాళ్ళు ఇప్పుడు మండీ ఆయన దగ్గరే తీసుకుంటున్నారట. కంపెనీ పేరు చెప్పాడు. అదే కంపెనీ.

సుజాత తలెత్తి, "ఏమిటికి ఉప్పు వద్దంటారన్నా?" అని అడిగింది. ఆ పిల్లకి తెలుసు, నేను తిరుపతి నుంచి వచ్చి చెప్పి ఉన్నాను. అయినా అడిగింది.

"ఏమిటికంటే నాకేం తెలుసు మే. ఆయన వద్దన్నాడు, వద్దు. కల్లుప్పు ఒక్కటి కనపడినా రేపటి నుంచి బస్తాలు రావు మీ వీధికి."

సరేనన్నాము. ఆటో పోయింది. మళ్ళీ కడ్డీల చప్పుడు మొదలైంది.

పోయిన వారం వాన పడింది, మూడు రోజులు. పండు చెమర్చింది. వీధిలో ఒక్కరమూ ఉప్పు కడవ మూత తీయలేదు.